ఊపిరితిత్తుల బీపీకి యాంటీఆక్సిడెంట్ మాత్రలు పనిచేస్తాయా?

ప్రశ్న: మా అత్తమ్మకు 58 ఏండ్లు. నలభై ఏండ్ల నుంచి కట్టెల పొయ్యి మీదే వంట. ఆర్నెల్లుగా నాలుగడుగులు నడిస్తే ఆయాసం, పొద్దుగూకేసరికి పాదాలు వాస్తున్నాయి. ఎకో తీసి ఊపిరితిత్తుల్లో బీపీ 56 ఉందన్నారు. చేతికి చూస్తే 120/80. ఇదేం బీపీ? ఆక్సిడేటివ్ స్ట్రెస్ వల్ల వస్తుందని చదివి, యాంటీఆక్సిడెంట్ మాత్రలు తెచ్చాం. వాడొచ్చా?
– ఒక పాఠకురాలు, దేవరకొండ

జవాబు: చేతికి కట్టే పట్టీ ఒంటికి వెళ్లే రక్తం ఒత్తిడినే చూపుతుంది. గుండె కుడివైపు నుంచి ఊపిరితిత్తులకు వెళ్లే ధమని సంగతి దానికి అందదు. ఆ ధమనిలో ఒత్తిడి మామూలుగానే తక్కువ. సగటు 20 దాటితే ఎక్కువ కిందే లెక్క. మీ రిపోర్టులోని 56 ఆ సగటు కాదు, గుండె ముడుచుకున్నప్పటి పై అంకె. అది కూడా నేరుగా కొలిచింది కాదు, లెక్కగట్టింది. కుడివైపు కవాటం దగ్గర రక్తం వెనక్కి చిమ్మే వేగాన్ని ఎకోలో చూస్తారు. అది సెకనుకు 3.4 మీటర్లయితే 3.4ను 3.4తో హెచ్చించి, నాలుగింతలు చేస్తే 46. గుండె కుడివైపు పై గది (కర్ణిక)లో ఒత్తిడి కింద 10 కలిపితే 56. వేగం కొలతలో కొంచెం తేడా పడినా లెక్క బాగా మారిపోతుంది. కాబట్టి ఎకో చెప్పేది అనుమానం మాత్రమే. ఖాయం చేసుకోవాల్సి వస్తే మెడ లేదా తొడ దగ్గరి సిరలోంచి సన్నని గొట్టం పంపి కొలుస్తారు.

ఆక్సిడేటివ్ స్ట్రెస్, అంటే కణాల్లో చురుకైన ఆక్సిజన్ రూపాలు మితిమీరడం గురించి మీరు చదివింది అబద్ధం కాదు. రక్తనాళం లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును తయారుచేస్తుంది. నాళాన్ని వదులుగా ఉంచేది, గోడలోని కండరం మందం కాకుండా ఆపేది అదే. పొగ, ఆక్సిజన్ కొరత, లోపలి వాపు (ఇన్‌ఫ్లమేషన్) వల్ల కణాల్లో సూపరాక్సైడ్ అనే అలాంటి ఆక్సిజన్ రూపం పెరుగుతుంది. అది నైట్రిక్ ఆక్సైడ్‌ను పట్టుకుని పెరాక్సీనైట్రైట్ అనే హానికర పదార్థంగా మార్చేస్తుంది. అంతటితో ఆగదు. నైట్రిక్ ఆక్సైడ్ తయారుచేసే ఎంజైముకు తోడుండే బీహెచ్4 అనే పదార్థాన్ని కూడా పాడుచేస్తుంది. తోడు పోయాక ఆ ఎంజైమే నైట్రిక్ ఆక్సైడ్ మానేసి సూపరాక్సైడ్ తయారుచేయడం మొదలుపెడుతుంది. కంచే చేను మేసినట్టన్నమాట! నాళాలు బిగుసుకుంటాయి, గోడలు మందమవుతాయి, గుండె కుడివైపు కింది గది (జఠరిక) మీద బరువు పెరుగుతుంది. పాదాల వాపు అక్కడి నుంచే.

అలాంటప్పుడు యాంటీఆక్సిడెంట్ మింగితే సరిపోదా? సరిపోదు. సూపరాక్సైడ్, నైట్రిక్ ఆక్సైడ్ ఎంత వేగంగా కలుస్తాయంటే, రక్తంలో మామూలుగా ఉండే విటమిన్ సి వాటి మధ్యలో దూరి ఆపలేదు. పైగా ఈ గొడవంతా కణం లోపల జరుగుతుంది. విటమిన్ సి, ఇ మాత్రలతో ఈ బీపీ తగ్గుతుందని రుజువు కాలేదు. పెద్ద మోతాదులతో నష్టం కూడా ఉంది. ఫిన్లాండ్‌లో పొగతాగే 29 వేల మంది మగవాళ్ల మీద చేసిన పరిశోధనలో బీటా కెరోటిన్ వాడినవాళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా వచ్చిందని 1994లో తేలింది. రక్తం పలచబడే మందు వాడేవాళ్లకు విటమిన్ ఇ పెద్ద మోతాదులో ఇస్తే రక్తస్రావం భయం. ఉసిరికాయ, జామకాయ తినండి, మంచిదే. డబ్బా మాత్రం పక్కన పెట్టండి.

పనిచేసేది సూపరాక్సైడ్ పుట్టే చోటును మూయడం. చాలా ఇళ్లలో గ్యాస్ ఉన్నా నీళ్ల కాగు పత్తి కట్టె, కంది కట్టె మీదే కాగుతుంటుంది. ఊదుగొట్టం పట్టుకుని పొయ్యి ముందు కూర్చునేది మీ అత్తమ్మలాంటి వాళ్లే. ఆ పని ఆమెతో చేయించకండి, పొయ్యిని ఇంటి బయటికి మార్చండి. వేలికి పెట్టే ఆక్సిమీటర్ కూర్చున్నప్పుడు కూడా 88 శాతం లేదా అంతకన్నా తక్కువ చూపిస్తుంటే డాక్టరుకు చెప్పండి (చేతులు చల్లగా ఉంటే తప్పు చూపుతుంది, వేడి చేసుకుని చూడండి). ధమని రక్తం పరీక్షలో ఆక్సిజన్ ఒత్తిడి (ఇది శాతం కాదు) 55 లేదా తక్కువుంటే, గుండె కుడివైపు దెబ్బతిన్నవాళ్లలో 60 కన్నా తక్కువున్నా, రోజుకు కనీసం 15 గంటలు ఆక్సిజన్ పెట్టాలి. రాత్రి నిద్ర కూడా అందులో కలుస్తుంది. ఆ గదిలో బీడీ, అగరొత్తి, దీపం వద్దు, అంటుకుంటుంది.

పొగే కారణమని ముందే తీర్మానించకండి. స్పైరోమెట్రీ (గొట్టంలోకి ఊపిరి ఊది చూసే పరీక్ష), సీటీ చేయించండి. ఎకోలో ఎడమవైపు కవాటం చూడమనండి. చిన్నప్పటి కీళ్లవాతం అక్కడ మచ్చ వదిలి ఉండొచ్చు. ఊపిరితిత్తుల్లో గాలి, రక్తం ఎక్కడెక్కడికి చేరుతున్నాయో చూపే వీక్యూ స్కాన్ గురించి కూడా అడగండి. పాత రక్తపు గడ్డలే కారణమైతే చాలామందికి ఆపరేషన్‌తో బాగా నయమవుతుంది. దాన్ని వదిలేయడం అన్యాయం. ఉప్పు రోజుకు చెంచాడు దాటకూడదు, పచ్చడి, అప్పడంతో కలిపి. పొద్దున్నే బరువు చూడండి, మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ప్రశ్న: మా చెల్లెకు 29 ఏండ్లు. ఇదే జబ్బుకు సిల్డెనాఫిల్ 20 మి.గ్రా. రోజుకు మూడుసార్లు రాశారు. మందుల షాపులో అది మగవాళ్ల మందని నవ్వారు. పొరపాటా?
– ఒక పాఠకుడు, జడ్చర్ల

జవాబు: పొరపాటు కాదు. నైట్రిక్ ఆక్సైడ్ చెప్పిన మాటను కండరానికి చేరవేసే సీజీఎంపీ అనే కబురును ఇంకో ఎంజైము చెరిపేస్తుంటుంది. ఈ మందు ఆ చెరిపేదాన్ని ఆపుతుంది. అమెరికాలో ఈ జబ్బుకు 2005లోనే అనుమతి వచ్చింది. ఛాతీ నొప్పికి నాలుక కింద పెట్టే సార్బిట్రేట్ లాంటి నైట్రేట్‌లు దీంతో ఎప్పుడూ కలవకూడదు. బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది. ఏ ఆస్పత్రికి వెళ్లినా ముందే ఈ మందు పేరు చెప్పాలి. షాపులో 50, 100 మి.గ్రా. మాత్రలిచ్చి తుంచుకోమంటే తీసుకోవద్దు. ఇంకో ముఖ్యమైన మాట: ఈ జబ్బులో గర్భం తల్లి ప్రాణానికే ముప్పు. పెళ్లయి ఉంటే గర్భం రాకుండా ఏ పద్ధతి వాడాలో డాక్టరుతో విడిగా మాట్లాడాలి. దీనికి తోడు బోసెంటన్ అనే ఇంకో మందు ఇస్తే అది కడుపులో బిడ్డకు కూడా హాని. అప్పుడు నెలనెలా లివర్ పరీక్ష తప్పదు.

ప్రశ్న: పలుగురాయి పొడి చేసే మిల్లులో పని. ముఖానికి తువ్వాల కట్టుకుంటే చాలా?
– ఒక పాఠకుడు, షాద్‌నగర్

జవాబు: చాలదు. కంటికి కనపడని పలుగు పొడి (సిలికా) తువ్వాలలోంచి వెళ్లిపోతుంది. పాత పొడికన్నా అప్పుడే పగిలిన పలుగు ప్రమాదం, దాని పగుళ్ల మీద ఫ్రీ రాడికల్స్ అనే, కణాలను పాడుచేసే చురుకైన పదార్థాలు పుడతాయి. ఈ పొడితో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు సిలికోసిస్ ముదిరితే ఊపిరితిత్తుల బీపీ కూడా పెరుగుతుంది. రాయిని తడిపి పగలగొట్టడం, దుమ్ము లాగే ఫ్యాను పెట్టడం యజమాని చేయాల్సిన పని. మీరు ముక్కుకు బిగుతుగా అతుక్కునే ఎన్95 మాస్కు పెట్టుకోండి, గడ్డం ఉంటే పక్కల నుంచి దుమ్ము దూరుతుంది. ఏటా ఎక్స్‌రే తీయించుకోండి. దగ్గు రెండు వారాలు దాటితే తెమడ పరీక్ష చేయించండి, సిలికా ఉన్న ఊపిరితిత్తుల్లో టీబీ తొందరగా పట్టుకుంటుంది.