పేరున్న పియానోను అమ్మబోయే మేనల్లుడికి

విశాఖపట్నం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం.

నువ్వు పంపిన ప్రణాళిక ముసాయిదా శ్రద్ధగా చదివాను. నూటయాభై ఏళ్లకు పైగా పేరు నిలబెట్టుకున్న పియానో కంపెనీ, మన దేశంలో వ్యాపారం ఎలా సాగించాలో నిన్ను రాసిమ్మని అడగడం నాకెంతో సంతోషం కలిగించింది. ఉత్పత్తి పెంచడం, అదే పేరుతో ఒక చవక రకం తేవడం, విశాఖ వంటి నగరాలలో షోరూములు తెరవడం అని మూడు ప్రతిపాదనలు చేశావు. మొదటి రెండూ వద్దనీ, మూడోది ఇప్పుడే వద్దనీ నా అభిప్రాయం. వాద్యాల వ్యాపారంలో బతికినవాడిగా నా కారణాలు చెబుతాను. ఒప్పుకోలేకపోతే నిర్మొహమాటంగా తిరిగి రాయి.

పోటీదారుల పట్టికలో యమహా, కవాయి, ఫాజియోలి పేర్లు రాశావు గాని, అందరికంటే గట్టి పోటీదారుని వదిలేశావు. అది మీ కంపెనీయే నలభై, యాభై ఏళ్ల కిందట తయారుచేసిన పియానో. మరో పేరున్న పియానో కంపెనీ స్టైన్‌వేనే ఉదాహరణగా తీసుకో. వారు 1853లో న్యూయార్కులో పని మొదలుపెట్టి, 2015 నాటికి ఆరు లక్షలవ పియానోను బయటికి తెచ్చారు. వాటిలో ఎన్నో ఇంకా మోగుతూనే ఉన్నాయి. కొత్తది కొనాలని వచ్చినవాడికి, బాగుచేయించిన పాతది తక్కువ ధరకు ఎప్పుడూ ఎదురుగా కనిపిస్తూనే ఉంటుంది. అందుకే ఆ కంపెనీ పాత పియానోలను తన దగ్గరికే రప్పించుకుని, తన విడిభాగాలతో తన పనివాళ్ల చేతనే కొత్తగా చేయించే ఏర్పాటు పెట్టుకుంది. కలకత్తాలోనూ, ఊటీ వంటి కొండ ఊళ్లలోనూ, చర్చిలలోనూ, పాత బంగళాలలోనూ మీ కంపెనీ పియానోలు ఏమేమి మిగిలాయో క్రమసంఖ్యలతో సహా ఒక జాబితా తయారుచేయడం నీ మొదటి పని కావాలి. పాతది చక్కగా మోగుతున్న ఊళ్లోనే కొత్తదానికి ధర పలుకుతుంది.

ఇక ఉత్పత్తి మాట. ఒక గ్రాండ్ పియానోలో పన్నెండు వేలకు పైగా భాగాలుంటాయి, దాన్ని పూర్తిచేయడానికి ఇంచుమించు ఏడాది పడుతుంది. చుట్టూ ఉండే వంపు చట్రం కోసం మేపుల్ చెక్క పొరలను, పెద్ద కచేరీ పియానోకైతే పద్దెనిమిది వరకు, జిగురు పూసి ఒకదానిపై ఒకటి పేర్చి ఒకే ఊపున వంచుతారు. ఆ తర్వాత ఆ చెక్క బిగువు సడలి స్థిరపడేదాకా వారాల తరబడి కదపకుండా ఉంచుతారు. ఆ నిరీక్షణను తగ్గించి లెక్కల్లో లాభం చూపించడం సులభమే. కానీ ఆ నష్టం ఏ బ్యాలన్స్ షీటులోనూ వెంటనే కనిపించదు. 1972లో స్టైన్‌వే కుటుంబం కంపెనీని సీబీఎస్ అనే అమెరికా ప్రసార సంస్థకు అమ్మింది, 1985లో సీబీఎస్ దాన్ని వదిలించుకుంది. ఆ కాలంలో పనితనం సడలిందన్న మాట వాద్యకారులలో వ్యాపించింది, తర్వాత వచ్చిన యజమానులు ఆ మాటను మోయవలసి వచ్చింది.

చవక రకం తేవాలనుకుంటే తేవచ్చు, కాని ఆ పేరుతో వద్దు. స్టైన్‌వే వారు 1990ల తొలినాళ్లలో మధ్యతరగతి కొనుగోలుదారుల కోసం బోస్టన్ అనే పేరుతో పియానోలను తామే రూపొందించి, జపానులోని కవాయి కర్మాగారంలో చేయించారు. ఇంకా తక్కువ ధరకు ఎసెక్స్ అని మరో పేరు పెట్టారు. వాటిని స్టైన్‌వే పియానోలని అమ్మలేదు. దీనికి వ్యతిరేకంగా జరిగిన కథ చికరింగ్‌ది. 1867 పారిస్ ప్రదర్శనలో స్టైన్‌వేతో పాటు బంగారు పతకం అందుకున్న కంపెనీ అది. 1908లో ఒక పెద్ద సంస్థలో కలిసిపోయింది, ఆ తర్వాత ఆ పేరు చేతులు మారి, వేరేవాళ్లు చేసిన పియానోల మీద అతికించే చీటీగా మిగిలింది. ఈ ఒక్క పేరా మీ డైరెక్టర్లకు చదివి వినిపించినా చాలు.

అసలు చెప్పవలసిన మాట తేమ గురించి. నీ ముసాయిదాలో దాని ప్రస్తావనే లేదు. పియానోకు గాలిలో తేమ నలభై, యాభై శాతం మధ్య నిలకడగా ఉంటే హాయి. మన ఊళ్లో చాలా నెలలు అది డెబ్బై దాటే ఉంటుంది, పైగా సముద్రపు ఉప్పుగాలి. బీచ్ రోడ్డుకు దగ్గరగా ఉన్న ఒక బడిలో మంచి నిలువు పియానో మూత తీసి చూశాను. మంద్రపు తీగలమీద చుట్టిన రాగి పచ్చబడింది, ఉక్కు తీగలకు తుప్పు పట్టింది, నడుమ మెట్లు నొక్కితే దిగాయి గాని పైకి లేవలేదు. తీగలను కొట్టే సుత్తులు తిరిగే కీళ్లలో ఉన్న ఉన్ని గుడ్డ తేమకు ఉబ్బి, పిన్నును బిగబట్టింది. రెండు వందలకు పైగా తీగలు కలిసి ఇంచుమించు ఇరవై టన్నుల బలంతో లాగుతూ ఉంటే, వాటి కింద ఉన్న పలుచని చెక్క వానాకాలంలో ఉబ్బి, ఎండాకాలంలో ముడుచుకుంటూ ఉంటే శ్రుతి నిలుస్తుందా? ఆ బడివాళ్లు మాత్రం పియానో మంచిది కాదనే అన్నారు. చెడింది కంపెనీ పేరే.

ఆ ఉబ్బే గుడ్డ బాధ తప్పించాలని స్టైన్‌వే వారి న్యూయార్కు కర్మాగారం 1962లో కీళ్లలో టెఫ్లాన్ వాడడం మొదలుపెట్టింది. టెఫ్లాన్ తేమను పీల్చదు, నిజమే. కాని దాని చుట్టూ ఉన్న చెక్క పీలుస్తుంది. రుతువులు మారినప్పుడల్లా ఆ రెంటికీ పొత్తు కుదరక మెట్టు నొక్కితే టిక్కుమనే చప్పుడు మొదలైంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. దాదాపు ఇరవై ఏళ్లకు మళ్లీ గుడ్డకే తిరిగి వచ్చారు. మన వాతావరణం కోసం ఏదైనా మార్పు చేస్తామని మీ ఇంజినీర్లు అంటే, ఇక్కడ కనీసం రెండు వానాకాలాలు పరీక్షించకుండా ఒప్పుకోవద్దు.

కాబట్టి షోరూము కంటే ముందు పియానోను శ్రుతి చేసి బాగుచేసే ట్యూనర్ ఒకడు విశాఖలో కాపురముండాలి. మద్రాసు నుంచి ఏడాదికోసారి వచ్చి పోయే మనిషి సరిపోడు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస చెక్కతో వీణలు చేసే కుటుంబాల పిల్లలలో గాని, హార్మోనియం బాగుచేసేవాళ్లలో గాని చెవి, చేయి రెండూ కుదిరిన ఇద్దరిని ఎంచుకుని మీ కర్మాగారానికి పంపించు. సుత్తి ఫెల్టును సూదులతో గుచ్చి నాదాన్ని మెత్తబరచడం పుస్తకం చూసి వచ్చే విద్య కాదు, పెద్ద పనివాడి పక్కన కూర్చుని నేర్చుకోవాలి. తిరిగి వచ్చాక వాళ్లకు నెలజీతం ఇవ్వండి. పియానోకు ఇంతని కట్టిస్తే తొందరపడతారు.

కళాకారుల విషయంలో ఎక్కువ చెప్పను. డబ్బిచ్చి పేరు వాడుకోవద్దు. స్టైన్‌వే తమ కళాకారులుగా చెప్పుకునేవాళ్లకు అందుకు రుసుము ఇవ్వదు, వాళ్లు ఆ పియానోను సొంతంగా కొనుక్కున్నవాళ్లై ఉండాలి. మన దగ్గర అంతటివాళ్లు తక్కువ గనుక, పాశ్చాత్య సంగీతంలో గ్రేడు పరీక్షలు రాసే పిల్లలు, చర్చి గాయక బృందాలు వాయించుకునేలా ఊళ్లో ఒక హాలులో ఒక మంచి గ్రాండ్ పియానో ఉంచండి. కచేరీ రోజున రెండు గంటలు ఏసీ వేసి తర్వాత ఆపేస్తే, అసలు వేయకపోవడం కంటే ఎక్కువ చెరుపు చేస్తుంది. రాత్రింబవళ్లు చల్లదనం ఒకేలా ఉండాలని ఒప్పందంలోనే రాయించి, ఆ కరెంటు ఖర్చు కంపెనీయే భరించాలి. దాన్ని ప్రచారం ఖర్చు కింద చూపించు.

ముసాయిదాను ఈ వరుసలో మార్చి రాయి: పాత పియానోల జాబితా, ట్యూనర్ల శిక్షణ, హాలులో పియానో, ఆ తర్వాతే షోరూము. అద్దెలకని రాసుకున్న మొత్తం మొదటి రెండేళ్లు శిక్షణకు మళ్లించు. తేమ కొలిచే మీటరు ఒకటి పంపిస్తే, జూన్ నుంచి నవంబరు వరకు ఇక్కడి అంకెలు ఉదయం, సాయంత్రం రాసి నెలనెలా నీకు పంపుతాను. మీ వాళ్ల ముందు వాటిని పెట్టి మాట్లాడు.

ఇట్లు,
మామయ్య