దసరా దాటాక వాగులో పారే నీళ్లు ఎక్కడివి?

ప్రశ్న ఇదీ: "నదులు కొండల్లో పుడతాయని, మంచు కరిగి వస్తాయని పుస్తకాల్లో ఉంటుంది. ములుగు దగ్గర మా ఊళ్లో మంచూ లేదు, పెద్ద కొండా లేదు. అయినా వానలు పోయాక కూడా వాగు పారుతుంది, సంక్రాంతి అయ్యేసరికి ఆగిపోతుంది. ఆ నీళ్లు ఎక్కడివి? గోదావరి మాత్రం ఎందుకు ఎండదు?"

మీ బావిలో ఉన్న నీళ్లే మీ వాగులో పారుతున్నాయి. వాన కురిసేటప్పుడు పారేది వరద, అది వేరు. వాన వెలిసి వారం పది రోజులయ్యాక తేటగా పారేదంతా నేల ఊట. మంచు మాట హిమాలయ నదులకే. గోదావరి పుట్టిన త్ర్యంబకేశ్వరం బ్రహ్మగిరి మీదా మంచు లేదు. మన దక్కన్ నదులన్నీ వాన మీద, ఊట మీద బతికేవే.

నది ఎట్లా పుడుతుందో చూడటానికి త్ర్యంబకం దాకా పోనక్కర్లేదు, మీ ఊరి చెల్క చాలు. గట్టి వాన పడితే మొదట కొంతసేపు నేల తాగుతుంది. వాన జోరు నేల తాగే జోరును దాటగానే నీళ్లు పలచగా పరుచుకుని పల్లానికి జారతాయి. దారిలో ఏ నాగటి చాలు దొరికినా, ఏ బండి జాడ దొరికినా అందులోకి చేరతాయి. నీళ్లు ఒకచోట చేరితే లోతు, లోతుతో వేగం, వేగంతో కోత. వేలెడు పాయలు నాలుగు కలిస్తే ఒర్రె. ఆ ఒర్రె పల్లం వైపే కాదు, పైన గట్టు వైపు కూడా కోసుకుంటూ పోతుంది. పెద్ద వాన తెల్లారి ఒర్రె తల దగ్గర నిలబడితే మన్ను పెళ్లలు పెళ్లలుగా విరిగిపడి ఉంటుంది.

అసలు మార్పు వచ్చేది లోతుతో. ఒర్రె అడుగు కోసుకుపోయి భూగర్భ నీటిమట్టం కన్నా కిందికి దిగిందంటే, వాన లేకపోయినా గట్ల నుంచి నీరు ఊరడం మొదలవుతుంది. అప్పుడది వాగు. ఇట్లాంటి వాగులు వందలు కలిస్తే నది. అందుకే "నది ఫలానా రాయి కింద పుట్టింది" అనేది యాత్రికులకు పనికొచ్చే మాటే గానీ, నీళ్ల లెక్కకు పనికిరాదు.

వరంగల్ చుట్టుపక్కల ఎక్కువ భాగం గ్రానైటు. పైన కొంత ఎర్రమట్టి, దాని కింద మొరం (బండ చివికి ఏర్పడ్డ గరుసు), ఆ కింద బండ. నీరు నిలిచేది మొరంలో, బండ పగుళ్లలో. మొరం మందం చాలాచోట్ల పది ఇరవై మీటర్లే కనుక అది చిన్న గిన్నె లాంటిది: తొందరగా నిండుతుంది, తొందరగా అడుగంటుతుంది. భూపాలపల్లి, మంథని వైపు గోదావరి లోయలో ఇసుకరాయి ఉంది. దాని రేణువుల సందుల్లోనూ నీరు ఉంటుంది కాబట్టి ఊట ఎక్కువ నెలలు సాగుతుంది.

నేల నిండిపోయాక ఏమవుతుందో 2023 జూలైలో చూశాం. వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మి.మీ. వాన పడింది. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు అంటే ఒక లీటరు. ఆ వాన 44 చదరపు కిలోమీటర్ల మీద ఒకే తీరుగా పడిందనుకుంటే ఒక టీఎంసీ! అంతకుముందే ముసురు పట్టి నేల నాని ఉంది, లోపలికి దిగే చోటు లేదు. మోరంచ వాగు మోరంచపల్లిని ముంచింది, జంపన్న వాగు కొండాయిని ముంచింది.

మామూలు ఏడాది సంగతి వేరు. పడిన వానలో సగానికి పైగా పొలాల తడి నుంచి, చెరువుల మీది నుంచి, చెట్ల ఆకుల నుంచి మళ్లీ ఆవిరైపోతుంది. ఆ ఆవిరి గాలిలో ఉండేది సగటున తొమ్మిది పది రోజులే. మనకు వానగా దిగేది ఎక్కువగా నైరుతి గాలులు, బంగాళాఖాతం అల్పపీడనాలు సముద్రం మీది నుంచి మోసుకొచ్చినదే. దాన్ని మళ్లీ సముద్రానికి చేర్చేది నది. ఓరుగల్లు గడ్డ మీద పడిన వాన రెండు దారులు పడుతుంది: పాకాల, ఆకేరు నీళ్లు మున్నేరు గుండా కృష్ణకు పోతాయి, రామప్ప, లక్నవరం నీళ్లు గోదావరికి. కాకతీయుల నాటి ఈ చెరువుల గురించి సాగునీరు అంటూనే మాట్లాడతారు గానీ, కట్ట కింది బావులను నింపేదీ, దిగువ వాగును మరికొన్నాళ్లు పారించేదీ అవే.

మీ వాగుకు ఊట అందుతోందా లేదా అన్నది మీరే తేల్చుకోవచ్చు. వాగుకు వంద, రెండు వందల మీటర్ల లోపు ఉన్న మోట బావి తీసుకోండి. బోరు వద్దు, లోతు పగుళ్ల ఒత్తిడి వల్ల అందులో మట్టం తప్పు చూపిస్తుంది. రాత్రంతా మోటరు ఆపి, పొద్దున్నే బావి గట్టు నుంచి నీటి దాకా టేపుతో కొలవండి. మేస్త్రీలు వాడే లెవల్ పైపుతో మెట్లు మెట్లుగా పోయి గట్టుకూ వాగు అడుగుకూ ఎత్తు తేడా తీయండి. గట్టు వాగు అడుగు కన్నా 7.5 మీటర్ల ఎత్తులో ఉండి, బావిలో నీళ్లు 6 మీటర్ల లోతున ఉంటే, నీటిమట్టం వాగు కన్నా మీటరున్నర పైన ఉన్నట్టు. ఊట వాగులోకి దిగుతోంది. లెక్క తిరగబడితే వాగే బావులకు నీళ్లు పోస్తోంది.

ఎంత పారుతోందో కూడా కొలవండి. వంపు లేని చోట పది మీటర్లు గుర్తు పెట్టి, సగం నీళ్లు నింపిన సీసా వదలండి. ఎండుటాకు, థర్మాకోల్ గాలికి కొట్టుకుపోతాయి, వాటిని నమ్మొద్దు. నాలుగైదుసార్లు వదిలి సగటు తీయండి. అర మీటరుకొకచోట లోతు చూడండి. వెడల్పు 4 మీటర్లు, సగటు లోతు పావు మీటరు, సీసాకు 20 సెకన్లు పట్టిందనుకుందాం. పది మీటర్లకు 20 సెకన్లంటే వేగం సెకనుకు అర మీటరు. 4 × 0.25 × 0.5 = 0.5 ఘనపు మీటర్లు. అడుగున నీరు పైకన్నా నెమ్మది కాబట్టి దాన్ని 0.8తో గుణిస్తే 0.4, అంటే సెకనుకు 400 లీటర్లు, దాదాపు 14 క్యూసెక్కులు. చెక్‌డ్యాంకు ఎగువన కొలిస్తే నిలవనీరు వేగం తక్కువ చూపిస్తుంది. వాన పడ్డ మర్నాడు కొలిస్తే వరద కలిసి ఎక్కువ వస్తుంది.

ఇక గోదావరి. అది అంతటా ఎండకుండా ఏమీ ఉండదు. తెలంగాణలోకి వచ్చే కందకుర్తి దగ్గర ఎండాకాలం ఇసుక మేటలే కనిపిస్తాయి. కాళేశ్వరం దగ్గర ప్రాణహిత, ఇంకా దిగువన ఇంద్రావతి కలిశాకే దాని రూపు మారుతుంది. గోదావరి పరీవాహక ప్రాంతంలో మూడో వంతు ప్రాణహితదే. అంత విశాలమైన నేల ఒకేసారి ఖాళీ కాదు, ఒకచోట ఊట తగ్గితే ఇంకోచోటి నుంచి అందుతుంది. మీ వాగుకు ఆ వీలు లేదు.

సంక్రాంతికే ఎందుకు ఆగుతుందంటే, యాసంగి నాట్లు పడేది అప్పుడే. బోర్లన్నీ ఒక్కసారిగా నడిస్తే నీటిమట్టం వాగు అడుగు కిందికి జారుతుంది. డిసెంబరు మొదట్లో ఒకసారి, జనవరి చివర ఇంకోసారి అదే బావిలో కొలవండి. మోటర్లు అంతగా లేని అడవి పక్క బావి ఒకటి దొరికితే అదీ కొలిచి పక్కన పెట్టండి. అక్కడ తగ్గింది ఎండదీ అడవిదీ అనుకుంటే, మీ బావిలో అంతకన్నా ఎక్కువ తగ్గినంత మేర మోటర్లది.