సరిహద్దు గేజి దగ్గర మొదలుపెట్టండి

ప్రశ్న: మాది రాజోలిబండ మళ్లింపు పథకం చివరి ఆయకట్టు. మాకు 15.9 టీఎంసీల వాటా ఉందని చిన్నప్పటి నుంచి వింటున్నాను. నాలుగెకరాల మిరపకు బోరే దిక్కు. కొత్త ట్రైబ్యునల్ తీర్పు వస్తే మా కాలువలో నీరు పారుతుందా?
– ఒక రైతు, అలంపూర్ ప్రాంతం

జవాబు: తీర్పు ఒక్కటే నీరు తేదు తమ్ముడూ. మీ వాటా కృష్ణా జలాలను పంచిన బచావత్ ట్రైబ్యునల్ నాడే తేలింది. పథకానికి 17.1 టీఎంసీలు; అందులో కర్ణాటకకు 1.2, మిగిలిన 15.9 ఇప్పుడు మీ తెలంగాణవి. మీ 87,500 ఎకరాల మీద పరిస్తే ఆ నీరు నాలుగడుగుల ఎత్తున నిలుస్తుంది. మీరన్న కొత్తది, బ్రిజేశ్ కుమార్ ట్రైబ్యునల్, ఇప్పుడు వింటున్నది తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌ల మధ్య పంపకం. కాలువలో పూడిక తీయడం దాని పని కాదు.

మీ కష్టమంతా దారిలో ఉంది. తుంగభద్ర మీది మీ ఆనకట్ట కర్ణాటకలోని రాయచూరు జిల్లాలో ఉంది. కాలువ మొదటి 42 కిలోమీటర్లు కర్ణాటకలోనే నడుస్తుంది. అక్కడ గట్టు తెగితే మీ కాలువ కావలి లష్కరు పార పట్టుకుని వెళ్లలేడు. పైన తుంగభద్ర జలాశయమే పూడికతో 133 టీఎంసీల నుంచి 105కు కుంచించుకుపోయింది. ఆ కోత అందరి వాటాలోనూ పడుతుంది. మధ్యలో మోటార్లు పెట్టుకునే రైతులను నేను దొంగలనను. పైరు ఎండుతుంటే, పక్కన నీరు పారుతుంటే ఎవరి చేయి ఆగుతుంది?

నేను జూనియర్ ఇంజినీరుగా మరో ఉమ్మడి కాలువ మీద పనిచేశాను. మా పుస్తకంలో ఒక అంకె, అవతలి వారి పుస్తకంలో మరో అంకె. రోజూ తగవే. చివరికి ఉదయం ఆరింటికి ఇద్దరమూ నీటిమట్టం చూపే ఒకే గేజి ముందు నిలబడి, ఒకరి పుస్తకంలో ఒకరం సంతకం చేయడం మొదలుపెట్టాం. నీరు పెరగలేదు. కానీ ఎన్ని క్యూసెక్కులు తగ్గాయన్న దానిపై వాదన పోయింది, ఎక్కడ తగ్గాయో వెతకడానికి ఇద్దరమూ కలిసి గట్టు మీద నడిచాం.

మీరూ అదే అడగండి. తల తూము దగ్గర, సరిహద్దు దగ్గర రెండు రాష్ట్రాల సిబ్బంది కలిసి తీసిన రీడింగు రోజూ మీ పంచాయతీ గోడ మీద కనిపించాలి. జలాశయం నుంచి నీరు వదిలే తుంగభద్ర బోర్డుకు మీ ఇండెంటు, అంటే నీరు కావాలన్న కోరిక, ఏ తేదీన వెళ్లిందో ఇంజినీరును అడిగి రాసుకోండి. దిగువన కేసీ (కర్నూలు–కడప) కాలువకు నీరు వదిలే రోజుల్లోనే మీ ఇండెంటూ పడితే నదిలో ఇంకిపోయే నీరు తగ్గుతుంది. మీ చివరి ఆయకట్టుకు నది నీటిని ఎత్తిపోసే తుమ్మిళ్ల పథకం వచ్చిందని దీన్ని వదిలేయకండి.

నారు పోసే లోపే నలుగురు రైతులు రాయచూరు వైపు వెళ్లి, అక్కడి రైతులను వెంటబెట్టుకుని ఆ 42 కిలోమీటర్ల గట్టు చూసి రండి.