తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే

ప్రశ్న: మా అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు. అమెరికా ఎన్నికల్లో చర్చిల మాట ఇంతగా చెల్లడానికి గర్భస్రావాన్ని హక్కుగా గుర్తించిన 1973 నాటి సుప్రీంకోర్టు తీర్పే మూలమంటాడు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: చాలామంది అనుకునేదే అమ్మా. కానీ తేదీలు చూస్తే పొసగదు. ఆ తీర్పుకు రెండేళ్ల ముందు, 1971లో, ప్రొటెస్టంట్ శాఖైన సదరన్ బాప్టిస్టుల మహాసభ అత్యాచారం, తల్లి ఆరోగ్యం వంటి కారణాలుంటే గర్భస్రావానికి చట్టం వీలివ్వాలని తీర్మానించింది. అప్పట్లో దాన్ని గట్టిగా ఎదిరించినవాళ్లు ముఖ్యంగా క్యాథలిక్కులు.

1962లో సర్కారు బడుల్లో ప్రార్థన చెల్లదన్న తీర్పు అసంతృప్తి రేపిన మాట నిజమే. కానీ పాస్టర్లను కూడగట్టింది మాత్రం పన్నుల గొడవ అని నా అభిప్రాయం. నల్ల, తెల్ల పిల్లలకు వేరు బడులు కుదరవని 1954లో సుప్రీంకోర్టు చెప్పాక, దక్షిణాదిలో ఎందరో తెల్లవాళ్లు సొంత బడులు పెట్టుకున్నారు. వాటిలో చాలా చర్చిలవే. అవి నిలబడింది పన్ను మినహాయింపు మీద: బడికి ఆదాయపు పన్ను ఉండదు, చందా ఇచ్చినవాళ్లు ఆ సొమ్మును తమ ఆదాయంలో తగ్గించి చూపుకోవచ్చు. మన దగ్గర 80జి పేరుతో తెలిసిన విరాళాల పన్ను తగ్గింపు లాంటిదే. అది పోతే చందాలు తగ్గుతాయి, ఫీజులు పెంచక తప్పదు.

మిసిసిపీలో నల్లజాతి తల్లిదండ్రులు కోర్టుకెక్కితే, వివక్ష చూపే బడికి ఆ మినహాయింపు చెల్లదని 1971లో తీర్పొచ్చింది. సౌత్ కరోలినాలోని క్రైస్తవ విద్యాసంస్థ బాబ్ జోన్స్ యూనివర్సిటీ అప్పటిదాకా నల్లవాళ్లను చేర్చుకోలేదు. తర్వాత పెళ్లైనవాళ్లకే సీటిచ్చింది. 1975లో పెళ్లికానివాళ్లనూ రానిచ్చింది కానీ, జాతి దాటి ప్రేమా పెళ్లీ కూడదని నిబంధన పెట్టింది. 1976 జనవరిలో పన్నుల శాఖ, 1970 నుంచే వర్తించేలా, దాని మినహాయింపు రద్దు చేసింది. 1983లో సుప్రీంకోర్టు 8–1తో ఆ రద్దును ఖాయం చేసింది.

1978లో, వివక్ష చూపడం లేదని రుజువు చేసుకోవాలంటూ ప్రైవేటు బడులకు కొత్త నిబంధనలు పెడతామని శాఖ అనేసరికి నిరసన ఉత్తరాలు వెల్లువెత్తాయి. పాస్టర్లను రాజకీయాల్లోకి తేవాలని ఏళ్లుగా తిరుగుతున్న పాల్ వేరిచ్‌కి అప్పుడు దారి దొరికింది. 1979లో జెర్రీ ఫాల్వెల్ అనే పాస్టర్ ‘మోరల్ మెజారిటీ’ అనే రాజకీయ సంస్థను స్థాపించారు. పాస్టర్ల పని రాజకీయం కాదని 1965లో ప్రసంగించింది కూడా ఆయనే. క్యాథలిక్కులనూ కలుపుకోగల అంశం కాబట్టి గర్భస్రావ వ్యతిరేకత ముందుకొచ్చింది. 1980 అధ్యక్ష ఎన్నికలో కార్టర్‌ను ఓడించిన రీగన్‌కు ఆ ఓట్లు కలిసొచ్చాయి.

బాబ్ జోన్స్ మినహాయింపు రద్దును కార్టర్ ఖాతాలో వేసేవాళ్లున్నారు. మీ అబ్బాయికి చెప్పండి: 1976 జనవరిలో అధ్యక్షుడు ఫోర్డ్. కార్టర్ వచ్చింది మరుసటి ఏడాది.