కొండవాగును చూసే తీరు

బెంగళూరు, జయనగర్

చిరంజీవి మాధవికి పెద్దమ్మ ఆశీస్సులు.

మీ అపార్ట్‌మెంట్ పిల్లలంతా చిక్కమగళూరు కొండల్లో వాగు పరీక్షకు వెళ్తున్నారని విని చాలా సంతోషమేసింది. మన కుళాయిల్లోకి వచ్చే కావేరిలో కలిసే హేమావతి ఆ జిల్లాలోనే పుట్టింది. మన ఇంటి పనే అనుకుని చేయండి.

నువ్వడిగిన ఫారం అమెరికా వ్యవసాయ శాఖ 1998లో తెచ్చిన స్ట్రీమ్ విజువల్ అసెస్‌మెంట్ ప్రొటోకాల్, అంటే వాగును కంటితో చూసి మార్కులు వేసే పద్ధతి. వాగు వెడల్పుకు 12 రెట్ల పొడవు కొలిచి, అందులో గట్లు, నీడ, మడుగులు, నీటి రంగు లాంటి వాటికి పదికి ఇన్ని అని మార్కులు వేసి సగటు తీస్తారు. సగటు 6 దాటకపోతే వాగు బాగాలేదని లెక్క. అది అక్కడి వాగులకు రాసింది. కాబట్టి ముందు దగ్గర్లో దట్టమైన అడవిలోంచి వచ్చే వాగొకటి చూసి, దానితో పోల్చుకోండి.

నీళ్ళు తేటగా ఉన్నాయని మోసపోకు తల్లీ. ఎరువు కరిగిన నీరు కూడా తేటగానే ఉంటుంది. ముందు రాళ్ళు చూడు. నీరు గలగలా పారే చోట గులకరాయి పట్టుకుంటే తేలిగ్గా చేతికి రావాలి. సగందాకా ఒండ్రులో కూరుకుపోయి ఉంటే ఎగువన ఎక్కడో మట్టి కోసుకుపోతున్నట్టే. సందులు పూడితే పురుగులకు చోటుండదు, వాటిని తినే చేపలకు తిండుండదు. రాతిమీద పల్చటి గోధుమరంగు జిగురు మామూలే. పచ్చటి నాచు జడల్లా వేలాడుతుంటే మాత్రం ఎరువుల సంగతి అనుమానించాలి. నీడ లేక ఎండ పడినా నాచు పెరుగుతుంది, అందుకని చెట్ల నీడ ఎంతుందో కూడా పక్కనే రాయి.

నాకు అన్నిటికంటే నమ్మకమైంది రాయి తిప్పి అడుగున చూడటం. అక్కడ నీటిలో పెరిగే రెక్కల పురుగుల పిల్లలుంటాయి. రెండు తోకల స్టోన్‌ఫ్లై పిల్లలు, ఎక్కువగా మూడు తోకలుండే మేఫ్లై పిల్లలు, ఇసుకరేణువులతో గూడు కట్టుకునే క్యాడిస్‌ఫ్లై పురుగులు కనిపిస్తే నీటిలో ఆక్సిజన్ బాగున్నట్టు. ఎర్రటి సన్న పురుగులు తప్ప ఇంకేమీ లేకపోతే టెన్షన్ పడాల్సిందే. చూశాక రాయిని ఉన్నట్టే పెట్టేయండి.

మార్కులు ఇద్దరు విడివిడిగా వేయండి. తేడా వస్తే మళ్ళీ దిగి చూడండి. ఎగువకొకటి, దిగువకొకటి ఫొటో, ఎప్పుడూ ఒకే చోట నిలబడి తీయాలి. వాగు పక్క తోటల యజమానులని అడిగి దిగండి, ఖాయంగా తెలియకుండా ఎవరి తోటనీ తప్పుపట్టి రాయకండి.

నీరు ఉన్నట్టుండి ఎర్రబడినా, పుల్లలూ ఆకులూ కొట్టుకొస్తున్నా, అన్నీ వదిలేసి వెంటనే గట్టెక్కండి. జలగలుంటాయి, పొడవాటి సాక్సులు వేసుకోండి. ఫారాలు ప్రింట్ తీసి ఉంచాను, శనివారం వచ్చి తీసుకెళ్ళు.