ఆడీ టీటీకి ఫైబర్ బాడీ కిట్: పెయింట్ ముందా, ఫిట్టింగ్ ముందా?

మీరు అడిగింది ఇదీ: చెన్నైలో సెకండ్ హ్యాండ్ ఆడీ టీటీ కూపే కొన్నారు, ఉండేది ఒంగోలులో, పని మీద రోజూ చీమకుర్తి వెళ్లొస్తారు. ముందు బంపర్ కింద లిప్ (పెదవిలాంటి అంచు), డోర్ల కింద సైడ్ స్కర్టులు, వెనక బంపర్ కింద డిఫ్యూజర్ ఉన్న ఫైబర్ (ఫైబర్‌గ్లాస్) కిట్ తెప్పించి ఇక్కడే బిగించుకోవచ్చా, పెయింట్ ముందు వేయించాలా ఫిట్టింగ్ ముందు చేయించాలా అని.

నాదీ అదే కారు, 2012 మోడల్. ఉండేది నెల్లూరు. ఇదే పని ఒకసారి తప్పుగా, ఒకసారి సరిగ్గా చేయించాను. ఇక్కడే బిగించుకోవచ్చు. కానీ పెయింట్ ఆఖరున వేయించండి. ఎంత ఆఖరున అంటే, కిట్ బిగించి, ప్రైమర్ (రంగుకి ముందు కొట్టే పూత) మీదే పదిహేను రోజులు మీ దారిలో తిరిగాక.

మొదటిసారి పార్సిల్ విప్పగానే నేను ఆగలేకపోయాను. టింకరింగ్ షెడ్డువాళ్లు "ముందు కలర్ కొట్టేస్తాం, బిగించడం ఒక్క పూట పని" అన్నారు, సరేనన్నాను. కలర్ బాగా వచ్చింది. తీరా బిగించబోతే కుడివైపు స్కర్టు చక్రం దగ్గర ఏడెనిమిది మిల్లీమీటర్లు ఎడంగా నిలబడింది. ఫైబర్ ముక్క అచ్చులోంచి తీశాకో, ప్యాకింగులో ఒత్తిడికో కొంచెం మెలి తిరగడం మామూలే. వాళ్లు దాన్ని స్క్రూలతో లాగి బిగించేసి, మిగిలిన సందులో లప్పం పెట్టి టచప్ చేశారు. అలా లాగి పట్టిన ఫైబర్ ఎప్పుడూ బిగువులోనే ఉంటుంది. రెండు నెలలకే స్క్రూల చుట్టూ సన్నటి బీటలు వచ్చాయి, లప్పం పెచ్చులూడింది.

అంతకంటే పెద్ద నష్టం చేసింది ఆ స్క్రూలే. 2006 నుంచి 2014 దాకా వచ్చిన ఈ రెండో తరం టీటీ కూపే బాడీలో 69 శాతం అల్యూమినియం. బానెట్, ముందు ఫెండర్లు (ముందు చక్రాల పైన ఉండే రేకులు), డోర్ల కింద పొడవునా ఉండే సిల్ భాగం అల్యూమినియమే. డోర్లు, డిక్కీ డోరు, వెనక ఫ్లోరు స్టీలు. అల్యూమినియంలోకి మామూలు స్టీలు స్క్రూ దించి, దాని మీద ఉప్పు తేమ పడనిస్తే ఆ రెండు లోహాల మధ్య చిన్న బ్యాటరీ తయారైనట్టే, అల్యూమినియం తినేసుకుపోతుంది. మన తీరంలో ఉప్పుగాలి సంగతి మీకు చెప్పక్కర్లేదు. అక్టోబరులో మొదలైన వానలు డిసెంబరులో వెనకబట్టేసరికి నా కారు ఫెండర్ అడుగున పెయింట్ పొక్కులు లేచింది. గీరితే తెల్లటి పొడి రాలింది. చాలా బాధేసింది. కిట్ ముక్క పోతే ఇంకోటి వస్తుంది గానీ, కారు ఒంటికి పడిన చిల్లు పూడదు.

అందుకే మీ కారుకి కొత్త చిల్లులు వేయనివ్వకండి. కంపెనీ పెట్టిన క్లిప్పుల చిల్లులు ఉన్నంతవరకు వాటినే వాడుకోవాలి. మిగతాచోట డబుల్ సైడ్ ఫోమ్ టేప్, అద్దాలు అతికించే పీయూ (పాలీయురెథేన్) సీలెంట్ చాలు. స్క్రూ తప్పదంటే చిల్లు అంచుకి ఎపాక్సీ ప్రైమర్ పూసి, నైలాన్ వాషర్ వేసి, లోహానికి లోహం తగలకుండా బిగించాలి. స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూ అయితే ఏమీ కాదని కొందరు చెప్తారు. స్క్రూ తుప్పు పట్టదు, నిజమే. చుట్టూ ఉన్న అల్యూమినియం మాత్రం తప్పించుకోలేదు.

లిప్ కథ వేరు. మైపాడు వెళ్తుంటే ఇందుకూరుపేట దారిలో స్పీడ్ బ్రేకర్ మీద ఒక్క దెబ్బకి అడ్డంగా పగిలింది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలత ప్రకారం స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. ఊళ్లలో ఆ వెడల్పు మీరెక్కడైనా చూశారా? ఇరుకుగా, నిటారుగా పోసేస్తారు. ఫైబర్ వంగదు, పగులుతుంది. మీ దారిలో గ్రానైట్ లారీల వెనక కంకర రాళ్లు కూడా ఎగిరొస్తాయి. కాబట్టి స్కర్టులు, డిఫ్యూజర్ ఫైబర్‌వి తీసుకున్నా ముందు లిప్ మాత్రం పాలీయురెథేన్‌ది తీసుకోండి. అది రబ్బరులా వంగి మళ్లీ లేస్తుంది. దాని పెయింట్‌లో ఫ్లెక్స్ అడిటివ్ (పెయింట్ వంగేలా చేసే మందు) కలపమని పెయింటర్‌కి గుర్తుచేయండి, లేకపోతే వంగినప్పుడల్లా పెయింట్ చిట్లుతుంది.

పగిలిన లిప్‌ని బాగుచేసింది కార్ల షెడ్డు కాదు, ఫైబర్ పడవలు రిపేరు చేసే ఒక పెద్దాయన. సునామీ తర్వాత మన తీరమంతా ఫైబర్ పడవలు పెరిగాయి కదా, ఆ పని చేతికి బాగా వచ్చినవాళ్లు మీకు కొత్తపట్నం వైపు కూడా దొరకొచ్చు, అడిగి చూడండి. ఆయన పగులుని పైనుంచి ముట్టుకోలేదు. లోపలివైపు వీ ఆకారంలో గాడి చెక్కి, గ్లాస్ మ్యాట్ (గాజు నారల పట్టీ) మూడు పొరలు రెజిన్ అనే జిగురుతో పరిచారు. "ఎండలో హార్డెనర్ తగ్గించాలయ్యా, లేకపోతే గిన్నెలోనే గట్టిపడిపోద్ది" అంటూ రెజిన్ కొంచెం కొంచెంగా కలుపుకున్నారు. ఆ అతుకు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. బయట కొత్త ముక్క కొనేముందు అలాంటి చేతిని వెతుక్కోండి.

రెండోసారి వేరే షెడ్డులో చేయించాను. పెయింట్ లేని ముక్కల్ని మాస్కింగ్ టేపుతో, క్లాంపులతో కారుకి పట్టి చూశారు. మెలి తిరిగిన స్కర్టుని హీట్ గన్‌తో మెల్లగా వేడిచేసి దారికి తెచ్చారు. ఒరుసుకునే అంచులు అరగదీసి, జాకీ పెట్టే చోట్లు మూసుకుపోకుండా చూశారు. మొదటిసారి ఈ సంగతి ఎవరికీ తట్టలేదు, టైరు పంక్చరైన రోజు తెలిసింది. తర్వాత ఎపాక్సీ ప్రైమర్ కొట్టి ఇచ్చారు. ఆ ప్రైమర్ మీదే తిరిగాను. ఎడమ స్కర్టు వెనక మూల మా వీధి మలుపులో రాసుకుంటోందని అప్పుడే బయటపడింది, సెంటీమీటరు కోయించాను. ఆ తర్వాతే వాటర్ పేపర్ పట్టి, బేస్ కోటు, క్లియర్ కోటు.

టేప్ అతికించే ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నీళ్లు సమంగా కలిపి తుడవాలి. 21 నుంచి 38 డిగ్రీల మధ్య అతికిస్తే బాగా పడుతుంది. మన ఎండల్లో మిట్టమధ్యాహ్నం రేకు మీద చెయ్యి పెట్టలేం కాబట్టి తెల్లారుజామున నీడలో పెట్టించండి. పూర్తి పట్టు రావడానికి 72 గంటలు పడుతుంది. ఈలోగా కారు కడగొద్దు.

ముందు బంపర్ గాలి రంధ్రాలు చిన్నవి చేసే డిజైన్ అయితే అసలు వద్దు. రేడియేటరు, ఇంటర్‌కూలరు (టర్బో నుంచి ఇంజన్‌లోకి వెళ్లే గాలిని చల్లబరిచేది) వాటి వెనకే ఉన్నాయి. వెనక స్పాయిలర్ తీసేసి ఫైబర్ రెక్క పెట్టిస్తానని కూడా రాశారు. కంపెనీ స్పాయిలర్ అలంకారానికి పెట్టింది కాదు. మొదటి తరం టీటీలు యూరప్‌లో అతివేగంలో అదుపు తప్పి ప్రమాదాలు జరిగాక ఆడీ వెనక స్పాయిలర్, ఈఎస్‌పీ (కారు జారకుండా అదుపు చేసే ఎలక్ట్రానిక్ ఏర్పాటు) చేర్చింది. మన కార్లలో ఆ స్పాయిలర్ గంటకు 120 కిలోమీటర్ల దగ్గర దానంతటదే లేస్తుంది. మన నాలుగు లేన్ల హైవే మీద కార్ల పరిమితి 100 కాబట్టి రోజూ కనపడదు, అంతే. దాన్ని ముట్టుకోకండి.

కాగితాల విషయం. తమిళనాడు నంబర్ ఇంకా ఉంటే, ఆంధ్రా రిజిస్ట్రేషన్ పూర్తయ్యాకే కిట్ జోలికి వెళ్లండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చే మార్పులు చేయకూడదు. 2019 సవరణతో ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. ఫెండర్ కోసి వెడల్పు చేసే వైడ్ బాడీ కిట్లు నేను వద్దనేది అందుకే. చిన్న లిప్ అయినా ముందుగా ఆర్టీవో ఆఫీసులో అడగండి. ఇన్సూరెన్స్ కంపెనీకి రాసి చెప్పి పాలసీలో ఎక్కించుకోండి. చెప్పకపోతే క్లెయిమ్ రోజున అదే సాకు అవుతుంది.

ఆర్డర్ పెట్టేముందు ఒక పని చేయండి. లిప్ ఎంత కిందికి దిగుతుందో కిట్ అమ్మే వెబ్‌సైటులో కొలత చూసి, అంతే లోతున్న అట్టముక్క కోసి బంపర్ కింద టేపుతో అంటించండి. పక్క సీట్లో ఒకరిని కూర్చోబెట్టుకుని మెల్లగా ఒకసారి చీమకుర్తి వెళ్లి రండి. అట్ట ఎక్కడ నలిగిందో ఫొటో తీసి ఇక్కడ పెడితే, ఎన్ని సెంటీమీటర్ల లిప్ తీసుకోవచ్చో చూసి చెప్తాను.