అచ్చుకళ – ప్రశ్నలు, జవాబులు: ఆకాశం ఉప్పు చల్లినట్టు వస్తోంది!

ప్రశ్న: రాజమహేంద్రవరం ఘాట్ నుంచి కొవ్వూరు వైపు కనిపించే సూర్యాస్తమయాన్ని ఏ4 సైజు లైనోలో (చెక్కి అచ్చు తీసే మెత్తటి పలక) చెక్కానండీ. ప్రెస్ లేదు, స్టీలు గరిటె వెనకవైపుతో రుద్దుతున్నాను. ఆకాశమంతా ఉప్పు చల్లినట్టు తెల్లచుక్కలు. ఇంకు ఎక్కువ వేస్తేనేమో పడవ తాళ్లు, కొంగల కాళ్లు పూడిపోతున్నాయి. ఏం చేయాలి? – ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: చుక్కలు పడగానే అందరి చెయ్యీ ఇంకు డబ్బా మీదికే పోతుంది. మీ సమస్య చాలావరకు కాగితంలోనూ ఒత్తిడిలోనూ ఉంది. 200 గ్రాముల (చదరపు మీటరుకు బరువు) డ్రాయింగ్ షీట్‌ను గరిటెతో రుద్ది పెద్ద ఆకాశాన్ని నిండుగా తేవడం కష్టం. 30 నుంచి 60 గ్రాముల మధ్య ఉండే పలచటి చేతికాగితం, ఉదాహరణకు నేపాలీ లోక్తా, తీసుకోండి. మధ్యనుంచి అంచులకు చిన్న చిన్న సున్నాలు చుడుతూ రుద్దండి. ఒక మూల కదలకుండా పట్టుకుని, ఎదురు మూల మెల్లగా ఎత్తి చూసుకోండి. చుక్కలు ఉంటే మళ్లీ వాల్చి అక్కడే రుద్దండి.

ఇక ఇంకు. గాజుపలక మీద రోలర్ ఆడించేటప్పుడు చెవి పెట్టండి. పట్టుచీర మడతలు రాసుకున్నంత సన్నటి చప్పుడు వస్తే పదును సరిపోయింది. చిటపటమంటూ జిగటగా వినిపించినా, పొర బత్తాయి తొక్కలా గుంటలుగా కనిపించినా ఎక్కువైనట్టే. లైనో మీద ఒకేసారి మందంగా పూయకుండా, పలచగా నాలుగైదుసార్లు, ప్రతిసారీ దిక్కు మారుస్తూ నడపండి. మొదటి రెండు అచ్చులు ఎలాగూ వెలితిగానే వస్తాయి, లైనో అప్పుడే ఇంకు తాగుతుంటుంది. వాటిని చూసి కంగారు పడొద్దు. నీటి ఇంకు వాడుతుంటే, మే నెల ఎండకు అది గాజు మీదే ఆరిపోతుంది. ఆ చుక్కలకు అదీ కారణం కావచ్చు. నూనె ఇంకుకు మారండి. రోలర్‌ను ముందు వంటనూనెతో, తర్వాత గిన్నెల సబ్బుతో కడిగితే చాలు, కిరసనాయిలు అక్కర్లేదు.

ఇంకో మాట. అంత ఆకాశాన్ని ఉలి తగలకుండా ఎందుకు వదిలేశారు? వి-ఆకారపు సన్న ఉలితో అడ్డంగా, దిగంతం దగ్గర దగ్గరదగ్గరగా, పైకి పోయేకొద్దీ ఎడంగా గీతలు తీయండి. వెలుతురు వస్తుంది, నిండుగా అచ్చవ్వాల్సిన జాగా కూడా తగ్గుతుంది. నీళ్లకు అలలు బొమ్మ గీసినట్టు చెక్కక్కర్లేదు. గట్టు నీడను చెక్కి, దాన్ని అడ్డంగా అక్కడక్కడా తెంపండి, అదే నీరవుతుంది. లైనో గట్టిగా ఉండి ఉలి జారుతుంటే పది నిమిషాలు ఎండలో పెట్టండి, మెత్తబడుతుంది. రెండో చెయ్యి ఎప్పుడూ ఉలికి వెనకే ఉండాలి. బొమ్మను ట్రేసింగ్ కాగితం మీద గీసి, తిరగేసి దించారు కదా? లేకపోతే వంతెన కుడిఎడమలు మారిపోతుంది, మీ ఊరివాళ్లు ఇట్టే పట్టేస్తారు.

ప్రశ్న: అచ్చు కళాకారుడు కృష్ణారెడ్డి గారి ‘వర్ల్‌పూల్’ (సుడిగుండం) బొమ్మలో రంగులన్నీ ఒకే ప్లేటు నుంచి, ప్రెస్‌లో ఒకేసారి వచ్చాయంటారు. మేం ప్రయత్నిస్తే రంగులు కలిసి బురదవుతున్నాయి. – ఫైన్ ఆర్ట్స్ విద్యార్థులు, తిరుపతి

జవాబు: చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి శాంతినికేతన్‌లో చదివి, పారిస్‌లో అచ్చు కళాకారుడు హేటర్ నడిపిన అటెలియే 17 స్టూడియోలో ఈ విస్కాసిటీ పద్ధతిని, అంటే ఇంకుల చిక్కదనంలోని తేడాతో ఒకే ప్లేటు మీద రంగులు విడదీసే పద్ధతిని, తీర్చిదిద్దినవారిలో ఒకరు. ‘వర్ల్‌పూల్’ 1963 నాటిది. ఆయన శిల్పి కూడానన్నది మరవకండి. సుడిని గీతగా గీయడం కన్నా, ప్లేటులో ఎత్తుపల్లాలుగా తవ్వడం ఆయన దారి. ఆ లోతులే రంగులుగా విడిపోతాయి. మీ ప్లేటు చదునుగా ఉండి పైపైన గీతలే ఉంటే, ఎంత మంచి ఇంకు వాడినా ఫలితం లేదు. వేలితో తడిమితే కనీసం మూడు మెట్లు తెలియాలి.

వరస ఇదీ. ముందు మామూలు ఎచింగ్ ఇంకును (ప్లేటు గుంటల్లోంచి అచ్చు తీసేది) గీతల్లోకి, గుంటల్లోకి ఎక్కించి పైభాగం తుడిచేయండి. తర్వాత అవిసె నూనె బాగా కలిపిన పలచటి ఇంకును గట్టి రోలర్‌తో, బరువు వేయకుండా నడపండి. అది పై మెట్టునే తాకుతుంది. ఆపైన నూనె కలపని గట్టి ఇంకును మెత్తటి రోలర్‌తో, కొంచెం బరువు వేసి నడపండి. అది పల్లాల్లోకి దిగుతుంది. పై మెట్టు మీద మాత్రం అంటుకోదు. అక్కడున్న నూనె పొర పలచన కాబట్టి తానే చీలిపోతుంది, గట్టి ఇంకును రోలర్ నుంచి లాగే బలం దానికి లేదు. వరస తలకిందులైతే ఈ పని జరగదు. గట్టిది ముందు పడితే పలచటిది దాని మీద హాయిగా కూర్చుంటుంది.

బురద ఎక్కువగా పుట్టేది ఇక్కడే: రెండు ఇంకుల మధ్య తేడా చాలకపోవడం. కత్తిమొనతో ఎత్తితే ఒకటి తేనెలా జారాలి, రెండోది వెన్నముద్దలా నిలవాలి. ప్లేటు ముట్టుకోకముందే గాజు మీద పలచటి ఇంకు ఒక పట్టీగా పూసి, దాని మీదుగా గట్టి ఇంకు రోలర్ నడపండి. పట్టీ రంగు మారకపోతే సరే, మారితే పలచటి దాంట్లో మరికొన్ని చుక్కల నూనె కలపండి.

రెండో కారణం రోలర్ సైజు. ఒక్క చుట్టులో ప్లేటు మొత్తం దాటాలి. 30 సెంటీమీటర్ల ప్లేటుకు రోలర్ వ్యాసం దాదాపు 10 సెంటీమీటర్లు ఉండాల్సిందే. చిన్న రోలరైతే రెండో చుట్టులో మొదటి చుట్టు బొమ్మను మళ్లీ ప్లేటు మీద పొడుస్తుంది. వెనక్కీ ముందుకీ తిప్పడమూ అంతే తప్పు. మెత్తటి రోలర్ ప్రతి అచ్చుకూ కొంత పలచటి ఇంకును మోసుకొస్తుంది కనుక, ప్రతిసారీ తుడవాలి. విసుగే, తప్పదు. కాగితం 250–300 గ్రాముల నూలు కాగితం, నానబెట్టి, తడి మెరుపు పోయేదాకా అద్దినది.

ప్రశ్న: నిజం ఆకుల ఈనెలు జింక్ ప్లేటు మీదికి రావాలంటే? నైట్రిక్ యాసిడ్ ఇంట్లో పెట్టుకోవాలంటే భయం. – హనుమకొండ పాఠకుడు

జవాబు: భయం మంచిదే. జింకును కొరకడానికి మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) చాలు. లీటరు నీటికి 75 గ్రాముల మైలుతుత్తం, 75 గ్రాముల ఉప్పు, ప్లాస్టిక్ ట్రేలో. గ్లవ్స్, తెరిచిన కిటికీలు తప్పనిసరి. ప్లేటు వెనక ప్యాకింగ్ టేపు అంటించండి.

ప్లేటు మీద సాఫ్ట్ గ్రౌండ్ (ద్రావణం తగలకుండా కాపాడే మెత్తటి మైనపు పూత) పలచగా పూసి, ఆకును ఈనెలు ఉబ్బిన అడుగువైపు గ్రౌండ్‌కు తగిలేలా పరచండి. పైన పలచటి కాగితం వేసి, ప్రెస్ ఒత్తిడి బాగా తగ్గించి ఒక్కసారి నడపండి. పచ్చి ఆకైతే రసం చిమ్మి ఈనెలు చెదిరిపోతాయి, కాబట్టి ఒక రాత్రి పేపర్ల మధ్య బరువు కింద పెట్టండి. రావి, వేప బాగా వస్తాయి. కలబంద లాంటివి వద్దు. ఆకును పట్టకారుతో తొడిమ నుంచి ఎత్తాలి, గోరు తగిలితే గోరు కూడా అచ్చవుతుంది. తర్వాత ప్లేటును ద్రావణంలో ఉంచండి. అందులో ఉండగా ఈనెల్లో ఎర్రటి రాగి మడ్డి పేరుకుంటుంది. కోడి ఈకతో నెమ్మదిగా తోలేయండి, లేకపోతే కొరుకుడు ఎగుడుదిగుడుగా పోతుంది. ఎంతసేపన్నది ముందు చిన్న ముక్క మీద 5, 10, 20 నిమిషాలకు చూసుకుని తేల్చుకోండి. వాడేసిన ద్రావణాన్ని మొక్కల్లో, కాలువలో పోయొద్దు.

ప్రశ్న: అచ్చు కింద 3/12 అని ఎందుకు రాస్తారు? – కర్నూలు

జవాబు: ఆ బొమ్మ మొత్తం 12 అచ్చులు, చేతిలో ఉన్నది మూడోది. ‘ఏ/పీ’ అంటే కళాకారుడు తనకోసం ఉంచుకున్న ప్రతి. అంకె ఎడమవైపు, పేరు మధ్యలో, సంతకం కుడివైపు, అన్నీ పెన్సిల్‌తోనే. అంకె వేశాక మరో పది తీయాలనిపించినా తీయకూడదు.